రాళ్లమెట్టకు నోటీసు

ఆ సర్క్యులర్ బయలుదేరినప్పుడు మంచి మాటే. రోడ్డు పనుల్లో అంచనా ఒకటి, తీరా తవ్వితే బయటపడేది ఇంకొకటి కావడం చూసి విసిగిపోయిన రాజధాని పెద్దాయన ఒకరు, "ముందు నేల చూడండి, తరవాత అంచనా వెయ్యండి. రెండిటికీ తేడా రాకూడదు" అన్నారు. ఆ మాట ఆయన గదిలోంచి బయటపడి, అంతస్తు తరవాత అంతస్తు దిగుతూ, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో గుమాస్తా భాషాజ్ఞానాన్ని ఒంటికి పూసుకుంటూ, మా ఉత్తరాది జిల్లా సర్కిల్ ఆఫీసుకు చేరేసరికి ఇలా తయారైంది: "ఇకమీదట క్షేత్రస్థాయి భూపరిస్థితులు మంజూరైన అంచనాలకు అనుగుణముగా ఉండవలెను. ఉల్లంఘనలను తీవ్రముగా పరిగణించడమగును."

కాపీలు అందరికీ పంపారు. నేలకు మాత్రం పంపలేదు.

ఆ సర్క్యులర్ వచ్చిన వారంలోనే హైమవతి రాళ్లమెట్ట కొండను బోరు ముక్కలుగా పెట్టెల్లో పెట్టించి ఆఫీసుకు తెచ్చింది. ఆమె ఆ శాఖలో భూగర్భ శాస్త్రవేత్త. రోడ్డు పోయే దారిలో బోరు వేయించి, లోపలి మట్టీ రాయీ ఎలాంటివో చూసి, ఎక్కడ కొండను ఎంత వాలుగా కొయ్యాలో, ఎక్కడ పల్లాన్ని దేనితో పూడ్చాలో చెప్పడం ఆమె ఉద్యోగం. ఇంజనీర్ల మధ్య భూగర్భ శాస్త్రవేత్త బతుకు పెళ్లివారి మధ్య వైద్యుడి బతుకు లాంటిది. మర్యాదకు లోటుండదు. జబ్బుల ఊసెత్తితేనే మొహాలు మారతాయి.

సూపరింటెండింగ్ ఇంజనీరు పరబ్రహ్మం గారు చెడ్డవారు కాదు. గొంతు పెంచి ఎరుగరు. అటెండరును కూడా "మీరు" అంటారు. అయితే తాను సంతకం చేసిన కాగితం మీద ఆయనకు కన్నబిడ్డ మీద ఉన్నంత మమకారం. రాళ్లమెట్ట అంచనా మీద సంతకం ఆయనదే.

హైమవతి పెట్టెలోంచి తెల్లటి ముక్క ఒకటి తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"ఏమిటిది?"

"రాళ్లమెట్ట, సార్."

"చూడ్డానికి బాగానే ఉందే! రాయే కదా?"

హైమవతి ఆయన మంచినీళ్ల గ్లాసు తీసుకుని ముక్క మీద కాసిని నీళ్లు పోసింది. ముక్క ఒకసారి బుడగలు కక్కి, కుంగి, పాలలా కారుతూ బల్లంతా పరుచుకుంది. పరబ్రహ్మం గారు ఫైళ్లు పైకెత్తి పట్టుకున్నారు.

"బల్ల పాడైంది" అన్నారు నెమ్మదిగా.

"ఇది సుద్ద సార్. మెట్ట పైన మాత్రమే అక్కడక్కడా బండలున్నాయి. లోపలంతా పుచ్చిపోయిన రాయి. దాని మధ్యలో ఈ సుద్ద పొర, సరిగ్గా మన రోడ్డు వైపుకు వాలి ఉంది. పొడిగా ఉన్నన్నాళ్లూ మెట్టను మోస్తుంది. తడిస్తే సబ్బే. ఏటవాలు పలక మీద బస్తాలు పేర్చి, అవి జారకుండా కింద ఒక దుంగ అడ్డం పెట్టారనుకోండి. మనం రోడ్డు కోసం కొయ్యబోయేది ఆ దుంగని."

"రాళ్లమెట్టలో రాళ్లుండకపోవడమేమిటి? పేరులోనే ఉంది కదా!"

"రాళ్లు దొర్లిపడతాయని ఊరివాళ్లు పెట్టుకున్న పేరు సార్ అది."

అసలు చిక్కు అంచనాలోనే ఉంది. మ్యాపు మీద పేరు చూసి, అందులో మెట్టంతా గట్టి రాయి అని రాశారు. గట్టి రాయి గనక గోడలాగా నిలువునా కొయ్యవచ్చు. నిలువునా కోస్తే వచ్చే రాయి, అవతలి పల్లం పూడ్చడానికి సరిగ్గా సరిపోతుంది. ఒక తట్ట ఎక్కువ లేదు, ఒక తట్ట తక్కువ లేదు. కోత, పూడిక కవలపిల్లల్లా సమానంగా కుదిరిన ఆ అంచనా అందం చూసి పై ఆఫీసులో కొందరు ముచ్చటపడి జిరాక్సు తీసుకున్నారట. అదే సుద్ద అని ఒప్పుకుంటే మెట్టను మెట్లు మెట్లుగా, బాగా వాలుగా కొయ్యాలి. నీళ్లు పోవడానికి దారులు తియ్యాలి. వచ్చే మట్టి కొండంత అవుతుంది. పోనీ దానితో పల్లం పూడ్చుదామా అంటే సుద్ద పూడికకు పనికిరాదు. కవలల్లో ఒకటి ఏనుగై కూర్చుంటుంది, రెండోది పుట్టనే పుట్టదు.

"అంటే" అన్నారు పరబ్రహ్మం గారు వేళ్లు తుడుచుకుంటూ, "ఈ కొండ మంజూరైన అంచనాను ఉల్లంఘిస్తోందని మీ నివేదిక."

"అంచనా కంటే ముందునుంచీ కొండ అక్కడే ఉంది సార్."

"సీనియారిటీ వేరు, క్రమశిక్షణ వేరు, హైమవతి గారూ."

ఆయన గంట కొట్టి హెడ్ క్లర్కు సన్యాసిరావును పిలిపించారు. సన్యాసిరావుకు పేరులో ఉన్న వైరాగ్యం నిబంధనల దగ్గర మాత్రం లేదు. సర్క్యులర్ ఒకసారి, నివేదిక ఒకసారి చదివి, కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"మేడమ్ గారి నివేదికను ఆమోదించాలంటే ప్రతివాది ఉల్లంఘించినట్టు తేలాలండి. తోసిపుచ్చాలన్నా ప్రతివాది మాట వినాలండి. సహజ న్యాయసూత్రమండి. ఎదుటి పక్షానికి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఏ ఉత్తర్వు ఇచ్చినా కోర్టులో నిలబడదండి."

"ప్రతివాది ఎవరు?" అంది హైమవతి.

సన్యాసిరావు ఆమెను జాలిగా చూశాడు. "రాళ్లమెట్టండి."

ఆమె నవ్వబోయింది. గదిలో తక్కిన ఇద్దరూ నవ్వకపోవడంతో ఆ నవ్వు గొంతులోనే ఉండిపోయింది.

నోటీసు మర్నాటికే తయారైంది. "శ్రీ రాళ్లమెట్టకు తెలియజేయునది ఏమనగా, మీరు మంజూరైన అంచనాలో గట్టి రాయిగా చూపబడియుండియు, బోరు నమూనాల యందు సుద్దగా వ్యవహరించినట్లు ఆరోపణ వచ్చియున్నది. మీపై ఏల చర్య తీసుకొనరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." 'శ్రీ'యా, 'శ్రీమతి'యా అన్న విషయంలో ఒక పూట ఫైలు ఆగింది. చివరికి 'శ్రీ'కే ఖాయం చేశారు.

ఫలానా కొండ ఇదేనని గుర్తుపట్టి చూపించడానికి హైమవతిని కూడా పంపారు. ఇద్దరు ఉద్యోగులు మైదా జిగురు బకెట్టుతో, నోటీసుతో జీపు దిగేసరికి మెట్ట కిందనున్న జీడివలస జనమంతా పోగయ్యారు. అది చిన్న ఊరు. నలభై గడపలుంటాయేమో. మెట్ట వాలు మీద జీడిమామిడి తోటలు వేసుకుని బతుకుతారు. ఊరిపెద్ద దాలినాయుడు తువ్వాలు దులుపుకుంటూ ముందుకొచ్చాడు.

"ఏటమ్మా ఇది? కొండకి నోటీసేటి? అదేటి సేసింది పాపం?"

"ఆఫీసు పద్ధతి, నాయుడు గారూ" అంది హైమవతి. అంతకంటే చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది.

జిగురు తడిమట్టికి అంటలేదు. కాగితం రెండుసార్లు జారి కింద పడింది. మేకు కొడదామని చూస్తే సుత్తి అక్కర్లేకుండానే, బొటనవేలితో నొక్కగానే సులువుగా లోపలికి దిగిపోయింది. మేకుతోపాటు నోటీసు మూల కూడా దిగింది. ఇలాంటి రుజువు తాను పదేళ్లలో చూడలేదని హైమవతి అక్కడే చెప్పి, పంచనామాలో రాయమంది. రాశారు: "మేకు దిగుటకు ప్రతివాది ఎట్టి అభ్యంతరమును తెలుపలేదు."

గడువు రోజున విచారణ. పరబ్రహ్మం గారు కోటు వేసుకొచ్చారు. అటెండరు వరండాలోకి వెళ్లి కోర్టు పద్ధతిలో "రాళ్లమెట్టా! రాళ్లమెట్టా! రాళ్లమెట్టా!" అని కేకేశాడు. ఎదురుగా స్టాపులో నిలబడ్డ ఒకాయన అటువైపు బస్సు వచ్చిందనుకుని, సంచీతో సహా మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. ఆయన ప్రతివాది తరఫువాడు కాదని తేలాక పంపేశారు.

"ప్రతివాది గైర్హాజరు" అన్నాడు సన్యాసిరావు. "సంజాయిషీ కూడా దాఖలు కాలేదండి. మౌనం అర్ధాంగీకారమండి."

"దేనికి అంగీకారం?" అంది హైమవతి. "అంచనాకా, నా నివేదికకా?"

"మంజూరైనదానికండి, మేడమ్ గారూ. మంజూరు కాని కాగితానికి అంగీకారం వర్తించదండి."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. రాళ్లమెట్ట ఏకపక్షంగా గట్టి రాయిగా ప్రకటించబడింది. దాని ఎదుట "ఇది గట్టి రాతి కొండ, ఉత్తర్వుల ప్రకారం" అని నీలం మీద తెల్లక్షరాలతో బోర్డు పాతారు. గోతులు తవ్విన కూలీలు పని ఇంత తొందరగా అయిపోతుందనుకోలేదనీ, ఇలాంటి గట్టి రాయి దొరికితే రోజూ తవ్వుతామనీ అన్నారు. హైమవతి తన అభ్యంతరాన్ని ఐదు పేజీల్లో రాసిచ్చింది. "చూడడమైనది" అన్న ఒక్క మాటతో అది తిరిగొచ్చింది.

పని మొదలైంది. కాంట్రాక్టరు సూరపరాజు పొక్లెయిన్లు దించి, ముందు తొట్టి కొండకు ఆన్చాడో లేదో, ఆఫీసు నుంచి అభ్యంతరం వచ్చింది. గట్టి రాయిని తొట్టితో తవ్వడం నిబంధనలకు విరుద్ధం. గట్టి రాయిని మందుగుండు పెట్టి పేల్చాలి.

"అమ్మా, మీరైనా చెప్పండి" అని ఆయన హైమవతి దగ్గర మొరపెట్టుకున్నాడు. "నిన్న పేల్చామండి. బాంబు పెట్టి, వత్తి ముట్టించి, కిలోమీటరు అవతలికి పరిగెత్తామండి. బుస్సుమందండి. అంతేనండి! బురదలో గేదె నిట్టూర్చినట్టుందండి. పేలాక చూస్తే నా మనుషుల ఒంటినిండా సుద్దేనండి, దేవుడి పెళ్లికి సున్నం కొట్టుకొచ్చినట్టు."

"పొక్లెయినుతో తవ్వితే ఏమంటారు?"

"రాయి కాదని నేనొప్పుకున్నట్టు అవుతుందంటున్నారండి."

సూరపరాజు లోకజ్ఞానం ఉన్నవాడు. రోజూ పొద్దున లెక్కకు ఒక బుస్సు అనిపించి, తరవాత రోజంతా పొక్లెయినుతోనే తవ్వించాడు. కొండ కోత నిలువుగోడలా పైకి లేచింది. ఆ గోడ చూడ్డానికి పై అధికారులు వచ్చి, చేతులు కట్టుకుని ఫొటోలు దిగారు. కోసిన సుద్దంతా అవతలి పల్లంలో పోసి రోలరు తిప్పుతున్నారు. రోలరు ముందుకు వెళ్తే వెనక నేల ఉబికేది, వెనక్కి వస్తే ముందు ఉబికేది. డ్రైవరు ఉయ్యాల ఊగుతున్నట్టుందని సంబరపడ్డాడు.

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వచ్చిన రోజున హైమవతి మెట్ట పైకెక్కింది. జీడిమామిడి చెట్ల మధ్య నేల చీలి ఉంది. చేయి దూర్చింది. మోచేయి దాకా దిగింది, అడుగు తగల్లేదు. అక్కడినుంచి కిందికి చూస్తే జీడివలస పెంకుటిళ్లు, ఆరేసిన చీరలు, వాకిట్లో జీడిగింజలు ఎండబోస్తున్న ఆడవాళ్లు కనిపించారు. ఎండలో నిలబడి అంత చలి ఆమెకు ఎప్పుడూ వెయ్యలేదు.

నేరుగా దాలినాయుడి అరుగు దగ్గరికి వెళ్లింది.

"నాయుడు గారూ, వాన వస్తోంది. ఈ కొండ ఆగదు. నాలుగు రోజులు ఊరు ఖాళీ చెయ్యండి. పెదవలస స్కూల్లో ఉండే ఏర్పాటు నేను చూస్తాను."

"ఆగకపోవడమేటమ్మా? గట్టి రాయని సర్కారే బోర్డెట్టింది కదా."

"ఆ బోర్డు తప్పు."

"బోర్డెట్టింది మీ ఆపీసోలే. తప్పన్నదీ మీ ఆపీసే. మావు ఏ ఆపీసు మాట ఇనాల? తోటల మీద గింజలున్నాయి. మావెళ్తే కోతులు మిగల్చవు. మాయమ్మ కాలం కాడ్నించీ ఉన్నాం, ఎప్పుడూ రానిది ఇప్పుడొస్తాదా?"

"అప్పుడు కింద కొయ్యలేదు నాయుడు గారూ."

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "కాయితం మీద రాసి తే తల్లీ. ఎల్తాం."

కాగితం కోసం ఆమె పరబ్రహ్మం గారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన శ్రద్ధగా విన్నారు. కాఫీ కూడా తెప్పించారు.

"గట్టి రాయి జారదు హైమవతి గారూ. జారితే అది గట్టి రాయి కాదు. గట్టి రాయి కాకపోతే ఉత్తర్వు తప్పు కావాలి. ఉత్తర్వు తప్పు కాదు. కనక జారదు. జారనిదానికి ఊరు ఖాళీ చేయించమని నేను ఏ అధికారంతో రాయను?"

"మనుషులు పోతారు సార్!"

"అలాంటి ప్రతికూల ఆలోచనలతోనే మీ ఆరోగ్యం పాడవుతోంది. సెలవు పెట్టండి."

హైమవతి వరండాలోకి వచ్చి నిలబడింది. మొదటి చినుకులు పడుతున్నాయి. ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకే ఒళ్లు మండింది. ఇంతకాలం ఆమె నిజం పట్టుకుని ఈ మెట్లు ఎక్కీ దిగీ అరిగిపోయింది. ఈ ఆఫీసులో నిజానికి ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అబద్ధానికి మాత్రం బోర్డు పెట్టారు, కోటు వేసుకున్నారు, ముమ్మారు కేక వేయించారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, లోపల సన్యాసిరావు దగ్గర ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, నిలబడే రాసి, మళ్లీ గదిలోకి వెళ్లింది.

"సార్, నేను పొరబడ్డాను. అది గట్టి రాయే."

పరబ్రహ్మం గారి మొహం విప్పారింది. "ఇప్పటికి దారికొచ్చారు!"

"గట్టి రాయి కాబట్టి ఈ చిన్న చిన్న పేలుళ్లు చాలడం లేదు సార్. కొండ అడుగున, ఊరి పైనే, ఒక పెద్ద పేలుడు జరపాలి. అంత పెద్ద పేలుడంటే కింద మనుషులుండకూడదని మన నిబంధనలే చెబుతున్నాయి. పేలుడు పూర్తయ్యేదాకా జీడివలస ఖాళీ చేయించమని ఉత్తర్వు కావాలి."

"పేలుడుకా? దానికి నిబంధన ఉంది కదా! దానికేం అభ్యంతరం!" అని ఆయన అక్కడికక్కడే సంతకం చేశారు. పోలీసులకు కాపీ, తహసీల్దారుకు కాపీ, బస్సుల కోసం డిపోకు కాపీ. కొండ జారుతుందంటే కదలని యంత్రాంగం కొండ గట్టిగా ఉందనగానే సాయంత్రానికల్లా దండోరా వేయించింది.

"ఇన్నాళ్లూ బురదే పేల్చారు కదా! అప్పుడు మమ్మల్ని కదపనేదు" అన్నాడు దాలినాయుడు.

"ఈసారి రాయి పేలుస్తున్నాం. ముక్కలు ఎగిరి ఊళ్లో పడతాయి" అంది హైమవతి ఆయన కళ్లలోకి చూడకుండా.

రాయి ఎగిరి నెత్తిన పడటం అందరికీ అర్థమయ్యే విషయం. పైగా కాగితం ఉంది, సంతకం ఉంది. మేకలతో, కోళ్లతో, జీడిగింజల బస్తాలతో ఊరు ఊరంతా బస్సులెక్కి పెదవలస స్కూలుకు చేరింది.

వాన పట్టుకుంది. మందుగుండు తడిసిందని హైమవతి రోజూ పొద్దున్నే పేలుడు వాయిదా వేస్తూ ఆఫీసుకు కబురు పెట్టేది. స్కూల్లో జనం గొణిగారు. మేకలు హాజరుపట్టీ తిన్నాయని హెడ్‌మాస్టరు ఫిర్యాదు చేశాడు. పరబ్రహ్మం గారు ఫోను చేసి, "ఒకటి పేల్చండి, లేకపోతే వాళ్లని ఇళ్లకు పంపండి. పేలని పేలుడుకు ఎన్నాళ్లు ఖాళీ?" అన్నారు. కొండ మాత్రం కదల్లేదు. ఆమెకే అనుమానం వచ్చింది. తాను తప్పా? ఇంతమందిని ఉత్తపుణ్యానికి ఇళ్లు విడిపించిందా? కొండ నిలబడాలని కోరుకోవాలో, జారాలని కోరుకోవాలో తెలియక ఆమెకు అన్నం దిగలేదు.

ఆ మధ్యాహ్నం వాన కొంచెం తెరిపి ఇచ్చింది. స్కూలు దగ్గర దాలినాయుడు కనపడలేదు. "ఆవుకి గడ్డేసొస్తానని ఎల్లాడమ్మా" అంది ఆయన భార్య.

హైమవతి సూరపరాజు జీపు ఎక్కి ఊళ్లోకి పరిగెత్తించింది. ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పక్కనే ఆవు. కొండ కోతలోంచి రోజూ ఎర్రగా కారే నీరు ఆ పూట పాలలా తెల్లగా కారుతోంది. ఆమె చూస్తుండగానే అది కూడా ఆగిపోయింది. ధార ఆగడం చూసి సూరపరాజు "తెరిపిచ్చిందండి" అన్నాడు. హైమవతి మాత్రం అరుగువైపు పరుగెత్తింది. లోపల దారి మూసుకుపోతేనే నీరు ఆగుతుంది.

"లేవండి నాయుడు గారూ!"

"పేలుడు ఇయ్యాల కూడా నేదు కదమ్మా. సీకటడేనోపు ఒస్తాను."

"పేలుడే లేదు! ఎప్పుడూ లేదు. మీకు అబద్ధం చెప్పాను. ఆఫీసుకూ అబద్ధం చెప్పాను. కొండ వస్తోంది."

దాలినాయుడు చుట్ట నోట్లోంచి తీసి ఆమెను ఎగాదిగా చూశాడు. "మరి బోర్డో?"

"అదీ అబద్ధమే. రెండిట్లో నాదే మంచి అబద్ధం. లేవండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

ఆమె నిజంగానే వంగింది. ఆయన గబుక్కున లేచి, "తప్పు తల్లీ, తప్పు" అంటూ ఆవు పలుపు విప్పాడు. ఆవు రానని మొరాయించింది. సూరపరాజు వెనకనుంచి తోశాడు, నాయుడు ముందునుంచి లాగాడు. హైమవతి ఆవును బతిమాలింది. ఊరి బయటి వంతెన దాటి గట్టెక్కి వెనక్కి తిరిగేసరికి పైన జీడిమామిడి చెట్లన్నీ ఒక్కసారి తలలూపాయి. గాలి లేదు. తరవాత కొండకు కొండా, తొందరేమీ లేనట్టు, కూర్చున్నచోటునుంచి లేచి కిందికి నడిచింది. పెద్ద చప్పుడు కూడా చెయ్యలేదు. ఇళ్లను ఒకదాని తరవాత ఒకటి నెమ్మదిగా ఒళ్లోకి తీసుకుంటూ వెళ్లి, అవతలి పల్లం నిండేదాకా నిండి ఆగింది.

దాలినాయుడు తన అరుగు ఉండాల్సిన చోటు కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. తరవాత కింద కూలబడి, ఆవు కాలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. హైమవతి పక్కన కూర్చుంది. తన మాటే నిజమైందన్న సంతోషం ఆమెలో రవ్వంత కూడా లేదు. మనిషెవరూ పోలేదు, అంతే. ఆ 'అంతే' దగ్గరే ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

శాఖ మాత్రం చాలా హుందాగా ప్రవర్తించింది. పరబ్రహ్మం గారు అత్యవసర సమావేశం పెట్టి పరిస్థితి సమీక్షించారు. కొండ ఉండాల్సిన చోట లేదు, అంటే కోత పూర్తయింది. పల్లం నిండింది, అంటే పూడిక పూర్తయింది. కోసింది, పోసిందానికి తట్ట తేడా లేకుండా సరిపోయింది. ఇంతటి సమతుల్యత శాఖ చరిత్రలోనే లేదని తీర్మానించారు. మిగిలిన చిక్కు ఒక్కటే. గట్టి రాయి తనంతట తాను రాదు కదా, ఎవరో పేల్చి ఉండాలి.

ఆయన హైమవతిని గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"పెద్ద పేలుడు జరిపానని ఒక్క ముక్క రాసివ్వండి. అనుమతి ఎలాగూ ఉంది. ఊరు ఖాళీ చేయించారు, ఒక్క ప్రాణం పోలేదు. ప్రశంసాపత్రానికి నేనే సిఫార్సు చేస్తాను."

ఆ కాగితం మీద సంతకం పెట్టడం ఎంత తేలికో హైమవతికి తెలుసు. అబద్ధం ఆడటం ఆమెకు ఇప్పుడు కొత్త కూడా కాదు. అయితే ఆ దారిలో రాళ్లమెట్ట తరవాత ఇంకో మెట్ట ఉంది. దాని కింద ఇంకో ఊరుంది. దాని అంచనాలోనూ గట్టి రాయే.

"పేల్చలేదు సార్. జారింది" అంది.

"అయితే పేల్చకుండానే పేలుడని ఊరు ఖాళీ చేయించారన్నమాట. ఇది చాలా తీవ్రమైన విషయం."

విచారణకు బయటి జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆరోపణలు రెండు. లేని పేలుడుకు అనుమతి సంపాదించడం ఒకటి, మంజూరైన గట్టి రాయిని జారినదిగా ప్రచారం చేయడం రెండోది. రెండో ఆరోపణ నిలబడాలంటే పేలుడు జరిగినట్టు సాక్ష్యం కావాలి. మొదటిది నిలబడాలంటే జరగనట్టు సాక్ష్యం కావాలి. రెండూ నిలబడితే మేలని సన్యాసిరావు విచారణాధికారికి వినయంగా మనవి చేశాడు.

సాక్షిగా దాలినాయుడిని పిలిచారు. వెనక జీడివలస జనం వరండా నిండా కూర్చున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ ఇస్తే వద్దని నిలబడ్డాడు.

"ఆ రోజు మీరు పేలుడు శబ్దం విన్నారా?" అన్నాడు అధికారి.

"నేదు బాబూ."

"మీకు వినికిడి సరిగ్గా ఉందా?"

"మీరడిగింది ఇనపడింది కదా."

పరబ్రహ్మం గారు కలగజేసుకున్నారు. "చూడండి నాయుడు గారూ, బాగా గుర్తు తెచ్చుకోండి. అంత గట్టి కొండ, పేల్చకుండా కిందికి ఎలా వస్తుంది?"

దాలినాయుడు ఆయనవైపు తిరిగి చేతులు జోడించాడు. "అదే నాకూ ఇచిత్రం బాబూ. అంత పెద్ద కొండే దిగొచ్చింది. మీరే ఇంకా దిగిరానేదు."

వరండాలో నవ్వు గుప్పుమంది. విచారణాధికారి దగ్గు అడ్డం పెట్టుకున్నాడు. "సాక్షి సమాధానం అసందర్భం" అని స్టెనోకు చెప్పబోయి, మాట పూర్తికాకముందే ఆయనకూ నవ్వు ఆగలేదు. హైమవతి మాత్రం తల వంచుకుని కళ్లు తుడుచుకుంది.

విచారణ తేలిన తీరు అందరికీ న్యాయంగానే ఉంది. పేలుడు జరగలేదు, జారడం కూడా జరగలేదు, "భూమి స్వయంగా సర్దుకొన్నది" అని రాశారు. పరబ్రహ్మం గారు పదోన్నతి మీద రాజధానికి వెళ్లారు. హైమవతికి మందలింపు వచ్చి, తవ్వడానికి ఇసుక తప్ప ఏమీ లేని సముద్రపు ఒడ్డుకు బదిలీ అయింది. అయితే జనం నవ్విన నవ్వు పత్రికలకెక్కి, రెండో మెట్ట జోలికి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. రోడ్డును చుట్టు తిప్పి చదునులోంచి తీసుకెళ్లారు. ఆ మాట చెవిన పడ్డ రోజున ఆమె కడుపునిండా అన్నం తింది.

కొత్త చోటికి వెళ్లబోయే ముందు జీడివలస వాళ్లు వచ్చి ఆమెను పట్టుకున్నారు. ఇళ్ల స్థలాలకు ప్రభుత్వం ఎక్కడో నేల చూపించిందట, ఆ నేలను ఆమె ఒక్కసారి చూడాలట. హైమవతి ఒక రోజంతా ఎండలో తిరిగి, చూపించింది వద్దని, అవతలి గట్టు మీద ఒక చోట నిలబడింది.

"ఇక్కడ కట్టుకోండి."

ఒక కుర్రాడు గునపం వేశాడు. ఠంగుమని నిప్పురవ్వలు లేచాయి. గునపం మొన వంగింది. హైమవతి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు అసలైన గట్టి రాయి మీద నిలబడింది ఆమె.

దాలినాయుడు వంగిన గునపం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తల గోక్కున్నాడు.

"ఇంత గట్టిగుంటే పునాదులు ఎలాగ తీస్తామమ్మా? ఓపాలి మెత్తటి సోటేదైనా సూడు తల్లీ."